కొండ దిగే బండికి మోటారు ఉండదు!

ఇప్పుడే జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. కోపం చల్లారాక రాసే ఓపిక నాకు లేదు.

పెరట్లో నేను కట్టుకున్న రోలర్ కోస్టర్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1:25 స్కేలు, అంటే పెద్ద కోస్టర్‌లో 25వ వంతు. బండిని పైకి లాగే కొండ (లిఫ్ట్) ఎత్తు 2 మీటర్లు, మొదటి దిగుడు తర్వాత ఒక మలుపు, ఆ తర్వాత బండి తలకిందులుగా తిరిగి వచ్చే లూపు. మధ్యాహ్నం దగ్గరి బంధువు ఒకాయన వచ్చారు. చూపించమంటే చూపించాను. బండి పైకెక్కింది, దిగింది, లూపు తిరిగి స్టేషన్‌కి చేరింది. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "మరీ ఇంత ఫాస్టా? మోటారు స్పీడ్ కాస్త తగ్గించొచ్చుగా!"

చెప్పబోతుంటే వినలేదు. నేను వైరు సర్దడానికి అటు తిరగ్గానే తన ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, దాన్ని ముందు పెట్టెలో నిలువుగా దూర్చి, స్విచ్ నొక్కేశారు. ఒక్క మాట అడగలేదు. బండి మొదటి మలుపులోకి వచ్చేసరికి ఫోన్ అంచు సపోర్టు పోస్టుకి కొట్టుకుంది. ముందు పెట్టె కింది చక్రాల ఇరుసు వంగిపోయింది, పట్టా జాయింటు విడిపోయింది. ఆయన గడ్డిలో పడ్డ ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుని "హమ్మయ్య, దీనికేం కాలేదు" అన్నారు. అప్పుడు గానీ నా మొహం కనిపించలేదు ఆయనకి. "బొమ్మే కదా, మళ్లీ అతికించుకో" అన్నారు.

అతికించుకోవాలట!

ముందు ఆ మోటారు సంగతి తేలుస్తాను. బండిని పైకి లాగే చైనుకి తప్ప ఇంకెక్కడా మోటారు లేదు. కొండ కొస దాటాక చైను వదిలేస్తుంది, అక్కణ్ణుంచి స్టేషన్ దాకా బండిని నడిపేది గురుత్వాకర్షణ ఒక్కటే. పార్కుల్లో మనుషులెక్కే చైన్ లిఫ్ట్ కోస్టర్లు కూడా అంతే. పైకెక్కేటప్పుడు టకటకమని చప్పుడొస్తుంది చూశారా, అది చైను తెగినా బండి వెనక్కి జారకుండా రంపంలాంటి పళ్ల మీద పడుతూ పోయే కొక్కెం చప్పుడు. నా దాంట్లోనూ ఆ కొక్కెం ఉంది, ఆ చప్పుడూ ఉంది. ఆ చప్పుడు సరిగ్గా వినపడ్డ రోజు నేను ఎంత సంబరపడ్డానో మా ఇంట్లోవాళ్లకి తెలుసు.

మరి అంత ఫాస్ట్‌గా ఎందుకు కనిపిస్తుంది? కొలతల్ని 25 వంతులు తగ్గించగలం గానీ గురుత్వాకర్షణని తగ్గించలేం కదా! రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే 50 మీటర్ల ఎత్తునుంచి దిగిన బండి గంటకి దాదాపు 113 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 2 మీటర్ల నుంచి దిగింది దాదాపు 22.5 కిలోమీటర్లు. ఎత్తు 25 వంతులు తగ్గితే వేగం తగ్గింది 5 వంతులే, ఎందుకంటే వేగం ఎత్తుకి వర్గమూలంతో మారుతుంది. అందుకే పెద్ద కోస్టర్ మీద 100 సెకన్లు పట్టే దారి నా పెరట్లో 20 సెకన్లలో అయిపోతుంది. సినిమాల్లో మినియేచర్ సీన్లు తీసేవాళ్లు సెకనుకి ఎక్కువ బొమ్మలు (ఫ్రేములు) పడేలా షూట్ చేసి నెమ్మదిగా చూపించేది ఈ కారణంతోనే. నేను ఫోన్‌లో స్లో మోషన్‌లో చూపిస్తే ఇదే బండి అచ్చం పెద్ద బండిలా బరువుగా, ఒద్దికగా ఒరుగుతూ పోతుంది. ఇదంతా ఆయనకి చెప్పేవాణ్ణే. వింటేగా!

ఇక ఆ ఫోన్. కొత్త కోస్టర్ కట్టినప్పుడు ఎక్కినవాళ్ల చేతులూ తలలూ దేనికీ తగలవని తేల్చుకోవడానికి, మనిషి చెయ్యి చాచితే ఎంత దూరం అందుతుందో అంత ఫ్రేము ఒకటి బండికి బిగించి, ట్రాకంతా నెమ్మదిగా తిప్పి చూస్తారు. నేనూ అట్ట కత్తిరించి అలాగే ఒక ఫ్రేము చేసి, బండిని చేత్తో లాగుతూ ప్రతి పోస్టు దగ్గరా ఆగి చూసుకున్నాను. మలుపు లోపలివైపు రెండు పోస్టులు మరీ దగ్గరగా ఉన్నాయనిపించి పీకి జరిపాను. ఆ ఫ్రేముకి రెండింతల ఎత్తున్న ఫోన్‌ని తెచ్చి అందులో నిలబెడితే తగలక ఏమవుతుంది?

వంగిపోయిన ఇరుసుకి ఒక చరిత్ర ఉంది, అదీ చెప్పి తీరతాను. కోస్టర్ బండికి పట్టా మీద దొర్లే చక్రాలు ఒక్కటే సరిపోవు. పక్కలకి జారకుండా పక్క చక్రాలు, పైకి లేవకుండా పట్టాని కిందనుంచి పట్టుకునే చక్రాలు కావాలి. ఈ కింది చక్రాలకి జాన్ మిల్లర్ అనే అమెరికన్ కోస్టర్ డిజైనర్ పేటెంట్ తీసుకున్నది 1919లో. కొండ కొస మీద సీట్లోంచి గాల్లోకి లేచినట్టు అనిపిస్తుందే, ఆ సమయంలో బండి పట్టా వదిలి ఎగిరిపోకుండా ఆపేవి ఇవే. వీటికి నేను వాడినవి 3 మిల్లీమీటర్ల రంధ్రం, 10 మిల్లీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న బేరింగులు, ఒక్కో పెట్టెకి పన్నెండు. పట్టాకీ కింది చక్రానికీ మధ్య ఒక కాగితం పట్టేంత సందు ఉండాలి. తక్కువైతే మలుపులో బండి బిగుసుకుపోతుంది, ఎక్కువైతే గలగలలాడుతూ శక్తంతా చప్పుడుకే పోతుంది. ఒక్కో చక్రానికీ ఆ కాగితం దూర్చి, లాగి, మళ్లీ మర బిగించి చూసుకున్నవాళ్లకి తెలుస్తుంది "అతికించుకో" అనే మాట ఎక్కడ గుచ్చుకుంటుందో.

పైగా చిన్నదానికి ఉండే కష్టాలు పెద్దదానికి ఉండవు.  అంత తేలికైన బండి పరుగుకి బేరింగులో గ్రీజు కూడా అడ్డమే. ఎండ సంగతి సరేసరి. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసిన భాగాలు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి, ఎర్రటి ఎండలో నల్లటి ప్లాస్టిక్ అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు, అందుకని పట్టాల్ని పట్టి ఉంచే అడ్డ బద్దలన్నీ అంతకంటే వేడి తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్‌తో చేశాను. పది మీటర్ల ఉక్కు పట్టా 30 డిగ్రీల తేడాకి మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దానికి చోటు వదలకపోతే మధ్యాహ్నానికి పట్టా పాములా వంకర్లు పోతుంది. ఇవన్నీ ఆలోచించి కట్టినదాన్ని చూసి "దీంతో ఏం లాభం?" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. క్రికెట్ మ్యాచ్ చూసేవాణ్ణి ఎవరైనా అలా అడుగుతారా? రోజంతా ఫోన్ గీకేవాణ్ణి అడుగుతారా? చేతులతో ఏదైనా చేసేవాడే లెక్క చెప్పుకోవాలా?

లూపు గురించి చెప్పకుండా వదలను. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోని సీ లయన్ పార్కులో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒక కోస్టర్ పెట్టారు. దాని లూపు అచ్చంగా గుండ్రం. ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. గుండ్రటి లూపుని పడిపోకుండా దాటడానికి సరిపోయే వేగంతో వచ్చినా అడుగున మన బరువుకి ఆరు రెట్లు మీద పడుతుంది మరి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ కట్టినప్పుడు ఇంజనీర్ వెర్నర్ స్టెంగెల్ లూపుని నీటిబొట్టు ఆకారానికి మార్చాడు. అడుగున వంపు విశాలంగా, పైన బిగువుగా. నా లూపూ అదే ఆకారం. స్కేలు మారినా జీ-ఫోర్స్ (ఒంటి బరువుకి ఎన్ని రెట్లు మీద పడుతుందనే లెక్క) మారదు కాబట్టి, నా బండిలో చీమ కూర్చున్నా పెద్ద బండిలో మనిషికి పడేంతే పడుతుంది.

ఈ లూపు మాట వస్తే నాకు బంధువు మీద కంటే మా ఫిజిక్స్ క్లాసు మీద ఎక్కువ కోపం వస్తుంది. గుండ్రటి లూపు వ్యాసార్థం ఆర్ అయితే, వస్తువు పడిపోకుండా తిరగాలంటే 2.5 ఆర్ ఎత్తునుంచి వదలాలని మా చేత బట్టీ పట్టించారు. నిరూపణ రాస్తే మార్కులు. ల్యాబులో గాజు బీరువాలో అచ్చంగా అలాంటి లూపు పరికరమే ఉండేది, పక్కన ఇనుప గోళీ కూడా. బీరువాకి ఎప్పుడూ తాళమే. ఒక్కసారి, ఒక్క క్లాసుకి, ఆ గోళీని వదిలి చూపించిన పాపాన పోలేదు. "మరి గోళీ దొర్లుతుంది కదండీ, దొర్లడానికి కూడా శక్తి పోతుంది కదా, 2.5 సరిపోతుందా?" అని అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది.

సరిపోదు! రాపిడి లేకుండా జారే వస్తువుకే 2.5. దొర్లే గోళీకి 2.7 కావాలి, అదీ నష్టాలేమీ లేకపోతే. సన్న చక్రాల బండిలో దొర్లుడుకి పోయేది కొంచెమే గనక అది 2.5కి దగ్గరగా వస్తుంది, రాపిడికీ గాలికీ మాత్రం పైన కొంత కలపాలి. నేనడిగింది సరైన ప్రశ్న. ఆ ప్రశ్నకి రెండు నిమిషాల్లో బోర్డు మీద జవాబు చెప్పొచ్చు. బీరువా తెరిస్తే అంతకూడా అక్కర్లేదు, 2.5 దగ్గర వదిలిన గోళీ పైకొసకి కాస్త ముందే పట్టా వదిలి రాలిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు. అలాంటివి చూడనివ్వకుండా పెంచితే, పెద్దయ్యాక కొండ దిగే బండికి మోటారు తగ్గించమని కాక ఇంకేం అడుగుతారు?

ఇరుసు మార్చుకుంటాను, జాయింటు వేసుకుంటాను, అది నా పని. కానీ ఇది చదివేవాళ్లలో బడుల్లో ఫిజిక్స్ చెప్పేవాళ్లుంటే నాకు మెసేజ్ పెట్టండి. గోళీ దొర్లే లూపు ట్రాకు, ఎత్తు గుర్తులతో సహా వంచి ఇస్తాను, పైసా తీసుకోను. ఒకటే షరతు, అది బీరువాలోకి వెళ్లకూడదు.