మెడలో వేలాడిన కార్డు గారికి

మహారాజశ్రీ ఓడ కార్డు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. మొన్న థాంక్స్‌గివింగ్ వారంలో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో మీ విహార ఓడెక్కిన మూడు వేల పైచిలుకు మెడల్లో నాదొకటి. చూడటానికి మీరు హోటల్ గది తాళంలా అమాయకంగా ఉంటారు. గది తలుపు తీసేది మీరే, ఊళ్ళోకి దిగేటప్పుడూ తిరిగి ఎక్కేటప్పుడూ కుయ్‌మనేది మీరే. మీకో కన్నం పెట్టించి తాడుకు కట్టి మెడలో వేసుకోవాలని మా ఆయనకు ముందే తెలుసు. కన్నం ఉచితమనీ, తాడు మాత్రం ఓడ కొట్లో 10 డాలర్లనీ కూడా తెలుసు. అందుకని ఒక్కోటి డాలరుంబావు చొప్పున ఆరు తాళ్ళు డాలస్‌లోనే కొనేశారు. నాకు మూడు ముళ్ళు వేసిన చేత్తోనే ఇంటిల్లిపాదికీ తాళ్ళు వేసి, ఎక్సెల్ షీటు తెరిచి మొదటి గడిలో ‘తాళ్ళు, ఆదా: 52.50’ అని రాసుకున్నారు.

ఆ షీటు గురించి మీకు చెప్పాలి. ఎందుకంటే ఆ అయిదు రోజులూ పోటీ మీకూ దానికీ మధ్యే జరిగింది.

రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. పిల్లలకు వారం రోజులు బడి సెలవు. మయామీకి ఆరు విమానం టికెట్లు కొనేకంటే కారులో 290 మైళ్ళు పోతే గాల్వెస్టన్ వస్తుంది, అక్కడా ఓడలున్నాయి. ఇది మంచి లెక్కే, కాదనను. ఇంకోటి కూడా నిజంగా కలిసొచ్చింది. అత్తయ్యగారి వాళ్ళకు అమెరికా వీసా ఉంది కాబట్టి ఓడ ఆగే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. ఒక గదిలో మూడో మనిషికీ నాలుగో మనిషికీ చార్జీ తక్కువని పిల్లల్ని మా గదిలోనే వేశారు. రాత్రయ్యేసరికి గది చూసే అబ్బాయి వచ్చి పైకప్పులోంచి మంచాలు కిందికి దించేవాడు, అచ్చం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తుల్లా. పై బెర్తు కోసం పిల్లలు కొట్టుకోవడం కూడా అచ్చం అలాగే.

గదులు మాత్రం ఓడ కడుపులో, కిటికీ లేనివి. అవే అన్నిటికంటే చవక. పైగా ‘ఏ గది ఇచ్చినా సరే’ అని ఒప్పుకుంటే ఇంకొంచెం చవక. ఒప్పుకున్నాం. మాకిచ్చింది డిస్కో హాలుకు సరిగ్గా కింద.

“పాపికొండలు లాంచీలో కూడా కిటికీ ఉంటుంది కదరా. సముద్రం చూద్దామని తీసుకొచ్చి గోడ చూపిస్తున్నావేమిటి?” అన్నారు అత్తయ్యగారు.

మామయ్యగారే దారి కనిపెట్టారు. గదిలో టీవీలో ఓడ ముందు భాగంలోని కెమెరా చూపించే చానెల్ ఒకటుంది. దాన్ని పెట్టి, టీవీకి రెండు పక్కలా తన తువ్వాళ్ళు వేలాడదీసి, “ఇదిగోనే నీ కిటికీ” అన్నారు. ఎక్సెల్‌లో బాల్కనీ ఆదా నాలుగు వందల పైమాటే.

ఇక అన్నం సంగతి. ఓడలో తిండి టికెట్టులోనే ఉందనీ, రాత్రి భోజనంలో రోజూ ఒక ఇండియన్ వెజిటేరియన్ వంటకం ఉంటుందనీ చెప్పినా అత్తయ్యగారు నమ్మలేదు. నాకు తెలియకుండా పెట్టె అడుగున చీరల మధ్య చిన్న రైస్ కుక్కరు పెట్టుకొచ్చారు. వేడి చేసే వస్తువులు ఓడలోకి తేకూడదు. కెటిలూ, ఇస్త్రీ పెట్టే, కుక్కరూ అన్నీ నిషేధమే. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు గనక ఆ నిబంధనను నేను తప్పుపట్టను. అందరి పెట్టెలూ గది ముందుకొచ్చాయి, ఆవిడది రాలేదు. సెక్యూరిటీ వాళ్ళ నుంచి పిలుపొచ్చింది.

మామయ్యగారు సహకార బ్యాంకులో ముప్పయ్యేళ్ళు అకౌంటెంటుగా చేసి రిటైరైన మనిషి. అలాంటాయన ఒక గదిలో, విస్కీని మౌత్‌వాష్ సీసాల్లో పోసుకొచ్చి దొరికిపోయిన కుర్రాళ్ళ పక్కన లైన్లో నిలబడ్డారు. కుక్కరుకు చీటీ కట్టి లోపల పెట్టుకున్నారు, దిగేరోజు ఇస్తామన్నారు. సీలున్న కందిపొడి, ఆవకాయ ప్యాకెట్లు వదిలేశారు. వాటితో ఆ ఇండియన్ వెజిటేరియన్ కూరకు ప్రాణం వచ్చింది.

ఇంతవరకూ ఎక్సెల్‌దే పైచేయి. మీరు నోరు తెరిచింది ఓడ కదిలాకే.

పర్సు అక్కర్లేదని చెప్పి మీరు మా జేబులోంచి దాన్ని బయటికి తీయనే లేదు. నోటు చేతిలోంచి పోతే కంటికి తెలుస్తుంది. మీతో గీకితే కుయ్ అని ఖాతాలో రాసుకుంటారు, అంతే. మామయ్యగారు మొదటిరోజే అడిగారు, “కుయ్ అంటే ఎంత?” అని. ఎవరూ చెప్పలేకపోయారు. పెద్ద ఓడ కంపెనీల ఆదాయంలో సుమారు మూడో వంతు టికెట్టు మీద కాదు, ఎక్కాక మనం పెట్టే ఖర్చు మీదేనని మా ఆయన చదివారట. చదివారట గానీ, ఆ మూడో వంతును ఎవరో వేరేవాళ్ళు కడతారని అనుకున్నట్టున్నారు.

మా బాబుకు ఏడేళ్ళు. వాడి మెడలోనూ మిమ్మల్ని వేశాం కదా. వీడియో గేముల గదిలో ఏ ఆటకైనా మిమ్మల్ని చూపిస్తే చాలని వాడికి ఎవరూ నేర్పలేదు. వెండి గిన్నెలో పాలు తాగినంత సహజంగా వచ్చేసింది. రెండు మధ్యాహ్నాల్లో 86 డాలర్లు. పిల్లల కార్డు మీద ఖర్చు రాయకుండా ఆపమని కౌంటర్లో అడిగితే నిమిషంలో ఆపేస్తారు. ఆ సంగతి మాకు మూడో రోజున తెలిసింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, మా ఆయన ఆ రాత్రి వాడికి డబ్బు విలువ మీద అరగంట ఉపన్యాసం ఇచ్చారు. వాడు పై బెర్తులో ఎప్పుడో నిద్రపోయాడు.

డ్రింక్స్ ప్యాకేజీ జోలికి మేం పోలేదు. ఒక గదిలో ఒక పెద్దవాళ్ళు కొంటే రెండోవాళ్ళూ కొనాల్సిందేనని నియమం. మా ఆయన తాగే రెండు బీర్లకోసం నేను అయిదు రోజులు ఏం తాగి గిట్టుబాటు చేయాలి? అయినా నా తప్పూ ఒప్పుకుంటాను. బఫేలో కాఫీ ఉచితమే గానీ అది కాఫీ కాదు. అయిదో అంతస్తులో ఓ చిన్న కొట్టుంది, అక్కడ మోకా 6 డాలర్లు, పైన 18 శాతం టిప్పు వాళ్ళే వేస్తారు. తెల్లారి ఆరింటికి అందరూ లేవకముందు, సముద్రం కనిపించే నిజమైన కిటికీ పక్కన ఒక్కదాన్నీ కూర్చుని తాగేదాన్ని. రోజుకు 7 డాలర్ల 8 సెంట్లు. ఇంకా చెప్పమంటే, ఆ ట్రిప్పులో నాకు బాగా గుర్తున్నది అదే.

మెక్సికో దీవి కొజుమెల్‌లో దిగాం. ఓడవాళ్ళు అమ్మే టూరు మనిషికి 60 డాలర్లు. ఊళ్ళో టాక్సీ మాట్లాడుకుంటే ఆరుగురికీ కలిపి అందులో సగం. నిజంగా చవకే. కాకపోతే ఓడ టూరులో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోతుంది. బీచిలో పిల్లల్ని నీళ్ళలోంచి లాగి, తుడిచి, ఫోను చూసుకుంటే 4 గంటల 20 నిమిషాలు. ఓడెక్కాల్సింది నాలుగున్నరకు. ఇక చూడండి నా సామిరంగ! టాక్సీ అతనికి రెండు ఇరవైలు పడేసి, చిల్లర వదిలేసి, అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మామయ్యగారు చెప్పులు చేత్తో పట్టుకుని, రేవు పొడుగునా ఆరుగురం పరుగు. పై డెక్కుల మీది జనం మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టారు. తీరా గేటు దగ్గర మీరు తాపీగా కుయ్‌మన్నారు. టైము మూడున్నర.

చలికాలంలో కొజుమెల్ గడియారం టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. ఓడ మాత్రం గాల్వెస్టన్ టైమే పాటిస్తుంది. మెక్సికోలో రోమింగ్ ఉచితమని మా ఆయన ఫోను ఆన్ చేశారు, అది బుద్ధిగా ఊరి టైముకు మారిపోయింది. ఉచితంగా వచ్చిన సిగ్నలుకు ఒక గంట బీచీ, 10 డాలర్ల చిల్లరా పోయాయి. ఎక్సెల్‌లో ఆ గడి ఖాళీగా ఉంది.

మర్నాడు ప్రోగ్రెసో. అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి రేవును నీళ్ళలోకి దాదాపు ఆరున్నర కిలోమీటర్లు కట్టారు. ఓడ దగ్గర్నుంచి ఊళ్ళోకి ఉచిత బస్సు. మామయ్యగారికి మొత్తం విహారయాత్రలో నచ్చింది ఆ బస్సే. రెండుసార్లు ఊళ్ళోకి వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చారు.

అసలు మెక్సికోకు ఎందుకు వెళ్ళామో కూడా ఆయనకు ఆ బస్సులోనే అర్థమైంది. మా ఓడ మీద ఎగిరేది బహామాస్ జెండా. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దించాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తాకాలి. 1886లో చేసిన చట్టమది. అది విని ఆయన, “ఓడ బహామాస్‌ది, రేవు మెక్సికోది, చట్టం అమెరికాది. బిల్లు మాత్రం మనదన్నమాట” అన్నారు.

వైఫై రోజుకు 22 డాలర్లు, ఒక్క ఫోనుకే. దాన్ని ఆరుగురం వంతులవారీగా వాడుకున్నాం. మామయ్యగారి గుడ్ మార్నింగ్‌లు రాజమండ్రికి రాత్రి భోజనాల వేళ చేరేవి.

పట్టుచీరల రాత్రి ఒకటి వచ్చింది. ఓడలో అందరూ ముస్తాబై ఫొటోలు దిగుతారు, మర్నాడు గోడకు అంటిస్తారు. ఒక్కోటి 25 డాలర్లు. మా ఆయన గోడ మీది ఫొటోను ఫోనులో తీయబోతే ఓ అమ్మాయి నవ్వుతూ వచ్చి అడ్డంగా నిలబడింది. అత్తయ్యగారు ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. పెళ్ళయ్యాక మామయ్యగారితో ఇద్దరే కలిసి స్టూడియోలో దిగిన ఫొటో ఒక్కటే ఉందట వాళ్ళకి, అదీ తుపానుకు తడిసిపోయిందట. ఏమీ మాట్లాడకుండా మిమ్మల్ని గీకాను. రెండు కాపీలు.

ఆఖరి రాత్రి మీ చిట్టా వచ్చింది. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, ఎంత. మీ నోట్లో నువ్వుగింజ నానదు కదా! నా అయిదు మోకా కాఫీలూ ఉన్నాయి. మా ఆయన ‘గాలి పీల్చుకొస్తా’ అని వెళ్ళిన రెండో రాత్రి 11:42కి కాసినోలో 40 డాలర్లూ ఉన్నాయి. ఇద్దరం ఒకరి వరస ఒకరు చూసుకుని, మాట్లాడకుండా కాగితం మడిచాం.

వాటన్నిటి మీదా పెద్ద వరస టిప్పుది. మనిషికి రోజుకు 17 డాలర్లు, ఆరుగురికి అయిదు రాత్రులకు 510. మామయ్యగారు మిమ్మల్ని ముఖ్యమైన కాగితమని చెప్పి గదిలోని లాకర్లో పెట్టి తాళం వేశారు. రేవుల్లో తప్ప బయటికి తీయలేదు. ఒక్కసారి కూడా గీకలేదు. ఆయన పేరు మీదా 85 డాలర్లు. “వాడనివాడికి కూడా వేశారేమిటి? నా లెడ్జర్‌లో ఇది ఏ పద్దు?” అన్నారు. కౌంటర్లో అడిగితే తీసేస్తారని మా ఆయన లేచారు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మా గది చూసే అబ్బాయి గోవా వాడు. ఏడు నెలలుగా ఒక్కరోజు సెలవు లేదన్నాడు. ఆ మాట విన్న రాత్రే అత్తయ్యగారు తన ఆఖరి కందిపొడి ప్యాకెట్టు వాడి చేతిలో పెట్టారు. అంత తక్కువ చార్జీకి మమ్మల్ని ఎక్కించుకుని, వాడి జీతం వేరే వరసలో మాచేత కట్టించే మీ తెలివికి దండం. కానీ ఆ లెక్క మీతో తేల్చుకోవాలిగానీ వాడితో కాదు.

ఎక్సెల్ ప్రకారం మేం ఆదా చేసింది 640 డాలర్లు. మీ చిట్టా ప్రకారం ఖర్చు చేసింది 1031 డాలర్ల 40 సెంట్లు. ఇందులో 200 ఏమిటని అడగరే? వచ్చేసారి ప్రయాణానికి ఇప్పుడే గదికి 100 చొప్పున కడితే, గదికి 50 డాలర్లు ఓడలో ఖర్చుకిస్తామన్నారు. ఓడలో ఖర్చంటే మళ్ళీ మీ ద్వారానే. కట్టింది తిరిగి రాదు. మా ఆయన షీటులో అది ‘ఆదా’ కింద ఉంది.

మళ్ళీ దర్శనం ఎప్పుడో సెలవులు చూసుకుని తెలియజేస్తాం.

ఇట్లు,
కిటికీ లేని గది ఖాతాదారు

తా.క. గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు అత్తయ్యగారి రైస్ కుక్కరు చీటీతో సహా తిరిగిచ్చారు. మెక్సికో దాకా వెళ్ళొచ్చిన మా ఏడుగురిలో టిప్పు కట్టనిది అదొక్కటే.