ఊపు వచ్చాక మొదలుపెడదాం అంటే ఎప్పటికి మొదలయ్యేను?

మనిషిలో స్ఫూర్తి నింపితే చాలు, మిగతాదంతా దానంతట అదే జరిగిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి 2002లో అచ్చయింది. సారా మిల్న్, మరో ఇద్దరు పరిశోధకులు విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు, రెండో గుంపుకు వ్యాయామం చేస్తే గుండెకు ఎంత మేలో మనసుకు పట్టేలా చెప్పారు, మూడో గుంపుకు అదంతా చెప్పి, వచ్చే వారం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో రాయమన్నారు. ఆ వారంలో కనీసం ఒక్కసారి వ్యాయామం చేసినవాళ్లు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం, మూడో గుంపులో 91 శాతం.

రెండో గుంపు అంకె మళ్లీ చూడండి. స్ఫూర్తి మాటలు విన్నవాళ్లు, ఏమీ విననివాళ్ల కంటే ఎక్కువ కదిలింది లేదు.

గెలిచిన రోజును కళ్లముందు ఊహించుకోమనే సలహా ఇంకా ఇబ్బందికరం. గాబ్రియేలే ఓటింగెన్ అనే మనస్తత్వవేత్త, థామస్ వాడెన్‌తో కలిసి బరువు తగ్గాలనుకునే 25 మంది మహిళలను ఏడాది పాటు గమనించి 1991లో ఫలితాలు ప్రచురించారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగా తగ్గారు, కానీ సన్నబడిన తమ రూపాన్ని తియ్యగా ఊహించుకుంటూ గడిపినవాళ్లు తక్కువే తగ్గారు. 2011లో ఆమె హెదర్ కాపెస్‌తో చేసిన ప్రయోగాల్లో, అలాంటి ఊహల్లో తేలేవాళ్లలో పనికి కావాల్సిన ఉత్సాహం తగ్గుతున్నట్టు రక్తపోటు కొలతల్లో కూడా కనిపించింది. అందుకే అనుకుంటా, రాత్రి స్ఫూర్తి వీడియో చూసి పొంగిపోయిన మనసు పొద్దునకు చప్పబడిపోతుంది, సగం పని అయిపోయిన తృప్తి అప్పటికే దక్కేసింది కదా.

పాజిటివ్‌గా ఆలోచించడం వద్దని నేననడం లేదు. నమ్మకం కావాలి, కానీ అది ఎక్కువగా చేసిన పనిలోంచే వస్తుంది. డిప్రెషన్‌కు చేసే చికిత్సల్లో కూడా, మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందు చిన్న పనులు చేయించే పద్ధతి ఉంది, 1970ల్లో పీటర్ లెవిన్‌సన్ లాంటివాళ్లు దానికి పునాది వేశారు. (నిజంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నవాళ్లను 'పాజిటివ్‌గా ఉండు' అని ఊదరగొట్టకండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.)

విజయగాథలంటే నాకూ ఇష్టమే. కానీ అంతే కష్టపడి, అవే రిస్కులు తీసుకుని ఓడిపోయినవాళ్లను వేదిక ఎక్కించి ఎవరూ మాట్లాడించరు. అందుకని ఆ కథల్లోంచి సూత్రాలు ఏరుకోవడం కంటే, ఆ మనిషి మామూలు రోజును ఎలా గడిపేవాడో చూడటం మేలనిపిస్తుంది.

ఆ మామూలు రోజుల గురించి తెలిసిన మంచి మాట ఒకటుంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, కొత్త అలవాటు స్థిరపడటానికి కొందరికి 18 రోజులు సరిపోతాయని, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది. ఇరవై ఒక్క రోజుల్లో మారిపోతారనే ప్రచారం నమ్మి, ఇరవై రెండో రోజున 'ఇక నా వల్ల కాదు' అని వదిలేసినవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పట్టడానికి పెద్ద దెబ్బేం తగలలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. నిన్న మానేశాం కదా అని సోమవారం దాకానో, ఒకటో తారీఖు దాకానో ఆగాల్సిన పనిలేదు, ఇవాళే అందుకోవచ్చు.