ఆ ఐదు వేసవులు

1976 వేసవిలో జర్మనీలోని బైరాయిట్ థియేటర్‌కు కొందరు ప్రేక్షకులు జేబుల్లో ఈలలు పెట్టుకుని మరీ వచ్చారు. పాట నడుస్తుండగానే ఊదారు, కేకలు వేశారు, కరపత్రాలు పంచారు. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ తన ఒపెరాల కోసం, అంటే మొత్తం పాటగా నడిచే నాటకాల కోసం, కట్టించుకున్న థియేటర్ అది. ఉత్సవాలు మొదలై అప్పటికి సరిగ్గా నూరేళ్లు. ఆ శతజయంతికి వాగ్నర్ నాలుగు ఒపెరాల మాల ‘రింగ్’ను ప్రదర్శించే పనిని పాట్రిస్ షెరో అనే 31 ఏళ్ల ఫ్రెంచ్ దర్శకుడికి అప్పగించారు. సంగీత నిర్వహణ పియెర్ బులెజ్‌ది, ఆయనా ఫ్రెంచివాడే. మన దేవతల కథను పరాయి దేశపు కుర్రాడు పాడుచేశాడని వచ్చినవాళ్ల కోపం. 2026తో ఆ ప్రదర్శనకు యాభై ఏళ్లు నిండుతున్నాయి. షెరో గురించి ఇప్పుడు మళ్లీ మాట్లాడుకోవాలని మేం అనుకోవడానికి కారణం ఆ గొడవ కాదు, ఆ తర్వాతి నాలుగు వేసవులు.

ముందు ఆయన ఏం చేశారో చూడాలి. కథ మొదలయ్యే రైన్ నది ఒడ్డున జలవిద్యుత్ ఆనకట్ట కట్టించారు. నదిలోని బంగారం దొంగతనంతో మొదలయ్యే కథకు అంతకన్నా సరైన చోటు ఏముంటుంది? దేవతల రాజు వోటాన్‌కు పొడవాటి కోటు తొడిగి పందొమ్మిదో శతాబ్దపు దొరలా నిలబెట్టారు. రెండో ఒపెరాలో వోటాన్ తన పతనాన్ని తానే కూతురికి చెప్పుకునే ఘట్టం ఒకటుంది. వేదిక మీద ఒక పెద్ద అద్దం, పైనుంచి వేలాడుతూ అటూ ఇటూ ఊగే లోలకం. ‘అంతం’ అన్న మాట నోట రాగానే వోటాన్ చెయ్యి చాచి ఆ లోలకాన్ని ఆపేస్తాడు. అంతే, లోకమే ఆగినట్టుంటుంది. అదే అంకం చివర తన కొడుకు జీగ్మున్డ్ చావుకు తానే కారణమయ్యాక, చనిపోతున్న ఆ బిడ్డను ఒడిలోకి తీసుకుంటాడు. దేవుడి వేషంలో ఉన్న ఒక తండ్రి అక్కడ కనిపిస్తాడు. అందుకే ఈ దర్శకుడు కథను పాడుచేశాడన్న మాటను మేం ఒప్పుకోం.

ఈలలకు భయపడి బైరాయిట్ ఆ ప్రదర్శనను మూలన పడేయలేదు. ఒకే ప్రదర్శనను ఏటా తిరిగి రిహార్సల్‌కు తెచ్చి, దిద్దుకునే వీలు అక్కడి పద్ధతిలోనే ఉంది. దాన్ని వాళ్లు వర్క్‌షాప్ అంటారు. షెరో ఆ వీలును చివరి చుక్క దాకా వాడుకున్నారు. రెండో ఏడాదికల్లా వోటాన్ కూతుళ్లైన యుద్ధకన్యల, అంటే వాల్కైర్ల, కొండ సెట్‌నే మార్చేశారు. రిషార్ పెదూజీ ఆయన ఆస్థాన రంగశిల్పి అనొచ్చు, దాదాపు జీవితాంతం కలిసి పనిచేశారు. పాత్రధారుల నడక, చూపు, ఒకరినొకరు ముట్టుకునే తీరు ఏటికేడు పదునెక్కాయి. 1980లో చివరి ప్రదర్శన ముగిశాక చప్పట్లు 85 నిమిషాలు ఆగలేదని, తెర 101 సార్లు లేచిందని చెబుతారు. ప్రేక్షకులు మారారు, నిజమే. ప్రదర్శన కూడా మారింది. ఆ రెండూ ఒకచోట కలవడానికి ఐదు వేసవులు పట్టింది.

షెరోకు ఇలాంటి ఓపిక అంతకుముందూ దొరికింది. చిత్రకారుల ఇంట పుట్టి, బడి రోజుల్లోనే నాటకాల్లో పడిన మనిషి. 1966లో, ఇరవై రెండేళ్లు నిండకముందే, పారిస్ శివారు సార్త్రూవిల్‌లో థియేటర్ బాధ్యత చేతికొచ్చింది. మూడేళ్లకల్లా అప్పులతో అది మూతపడింది. మామూలుగా అయితే అక్కడితో కథ కంచికి చేరేది. కానీ ఇటలీలోని మిలాన్‌లో పికోలో థియేటర్ వాళ్లు పిలిచి పని ఇచ్చారు. 1972లో ఫ్రెంచ్ దర్శకుడు రోజే ప్లాంషాన్ ఫ్రాన్స్‌లోని విల్యుర్‌బాన్‌లో ఉన్న జాతీయ ప్రజా నాటకశాలలో తన పక్కన సహ దర్శకుడి స్థానం ఇచ్చారు. దివాళా తీసిన కుర్రాణ్ని నమ్మి పక్కన కూర్చోబెట్టుకున్న ఆ పెద్దమనసును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

తన వంతు వచ్చినప్పుడు షెరో అదే చేశారు. 1982 నుంచి 1990 దాకా నాంతేర్‌లోని అమాందియే థియేటర్‌ను నడిపారు. అక్కడ యువ నటులకు బడి పెట్టారు. అప్పటికి పెద్దగా పేరు లేని బెర్నార్-మారీ కొల్తెస్ నాటకాలను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకున్నారు. అందులో ఒక నాటకంలో ఇద్దరే మనుషులు, అమ్మేవాడు, కొనేవాడు. అమ్మేది ఏమిటో చివరిదాకా తెలియదు. ఆ నాటకాన్ని షెరో మూడుసార్లు కొత్తగా చేశారు, అమ్మేవాడి పాత్రను తానే వేశారు కూడా. 1989లో కొల్తెస్ ఎయిడ్స్‌తో చనిపోయాక, 1995లో మళ్లీ దాని దగ్గరికే వెళ్లారు. సినిమాలూ తీశారు. ‘క్వీన్ మార్గో’కు 1994లో కాన్‌లో జ్యూరీ బహుమతి, ‘ఇంటిమసీ’కి 2001లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చాయి. అయినా మమ్మల్ని ఎక్కువగా కదిలించేది చేసిన పని దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లే ఆ తత్వం.

మొదటి రాత్రి అరుపులు విని ప్రదర్శనను అటకెక్కించే ఆలోచన ఏ ఒపెరా సంస్థకు వచ్చినా మేం చెప్పేది ఒకటే: రెండో ఏడు చూడండి, మూడో ఏడూ చూడండి. ఈ ఓపికకు డబ్బు కావాలి, ధైర్యం కావాలి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలకు ఈ ధైర్యం ఇంకా ఎక్కువ ఉండాలి, టికెట్ల లెక్క ఒక్కటే వాటి లెక్క కాదు కాబట్టి. కొత్త వాళ్లకు అప్పగించి, నెగ్గుకొస్తారో లేదో అని ఒడ్డున నిలబడి చూడటం అన్యాయం.

షెరో చివరి ఒపెరా 2013 జులైలో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో ‘ఎలెక్ట్రా’. సంగీతం మొదలవదు. పనివాళ్లు చీపుర్లు పట్టుకుని వాకిలి ఊడుస్తుంటారు. చీపురు పుల్లలు నేలకు రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ తర్వాతే వాద్యబృందం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ వాకిట్లో ఒక ముసలి పనివాడు, ఒక ముసలి గురువు ఉన్నారు. చిన్న పాత్రలే. పనివాడు డోనల్డ్ మెకింటైర్, 1976లో ఈలల మధ్య వోటాన్‌గా నిలబడింది ఆయనే. గురువు ఫ్రాంజ్ మజూరా, 1979లో షెరో పారిస్‌లో చేసిన ‘లులు’ ఒపెరాలో ప్రధాన పాత్రధారి, అప్పటికి 89 ఏళ్లు. ఆ అక్టోబర్ 7న షెరో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు, 68 ఏళ్లకే. మరుసటి ఏడాది ఆ వాకిలిని మిలాన్‌లో ఊడ్చారు, 2016లో న్యూయార్క్‌లో.