టర్బో సి పెద్దాయనకి, ఒంగోలు నుంచి ఒక మనవి

మహారాజశ్రీ టర్బో సి ప్లస్ ప్లస్ గారికి,

సి ప్రోగ్రాంలు టైపు చేసి నడిపే పాత సాఫ్ట్‌వేర్ అయిన మీ నీలి తెర ముందు, ల్యాబులో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఫస్టియర్ పిల్లల తరఫున రాసుకుంటున్న ఉత్తరం. ఉభయకుశలోపరి.

మీరు కుశలమేనని తెలుస్తూనే ఉంది. మీరు పుట్టి పెరిగిన డాస్, అంటే విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టం, పోయింది. 64 బిట్ల విండోస్ మీలాంటి 16 బిట్ల వాళ్లని గడప తొక్కనివ్వదు. అయినా డాస్‌లా నటించే డాస్‌బాక్స్ అనే అద్దె గదిలో దిగి, పసుపు అక్షరాలతో దర్శనమిస్తూనే ఉన్నారు. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటితే మీకు పడదు. పిల్లోడు ఇంగ్లీషు అక్షరాల్లో 'మొలగొలుకులు' అని సేవ్ చేయబోతే 'మొలగొలు' దగ్గర తుంచేస్తారు. ఇక అద్దె గది ఓనరుతో మీకున్న సఖ్యత సంగతి చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో కంట్రోల్ ఎఫ్9 అంటే ప్రోగ్రాం నడుపు అని. డాస్‌బాక్స్ ఇంట్లో అదే కంట్రోల్ ఎఫ్9 అంటే మొత్తం మూసెయ్ అని. సెట్టింగు మార్చని మిషన్ మీద ముప్పావు గంట టైపు చేసి, ఎఫ్2తో సేవ్ చేయకుండా ఆ రెండు మీటలూ నొక్కినవాడి మొహం మీరు చూడలేదు. చూసేలోపే పోయారుగా! అందుకే వాళ్లకి ముందు ఎఫ్2, తర్వాత ఆల్ట్ ఆర్, ఎంటర్ అని చెప్పుకోవాల్సి వస్తోంది.

వయసు మాటెత్తి మిమ్మల్ని చిన్నబుచ్చడం లేదు. మీరు 1990లో వచ్చారు. కొత్తది, ఫ్యాషన్‌ది అని అందరూ ఎగబడే పైతాన్ భాషని గిడో వాన్ రోసమ్ 1991 ఫిబ్రవరిలోనే బయటపెట్టాడు. మీ ఇద్దరూ ఒక ఈడువాళ్లే. మీ కడుపులో ఉన్న సి భాషయితే 1972 నాటిది, బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసింది, ఇవాళ్టికీ రాయిలా ఉంది. దానిమీదా మాకు కోపం లేదు. అది 1999లో, 2011లో కొత్త ప్రమాణాలతో ఎదిగింది. మీరు 90ల మొదట్లో ఆగారు, ఆగినచోటే పీట వేసుకుని పాఠం చెబుతున్నారు. మా ఫిర్యాదల్లా అదీ.

ఆ పాఠం ఎట్టా ఉంటుందంటే, మంత్రం. కోనియో డాట్ హెచ్, వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, ఆఖర్న గెట్‌చ్. ఎందుకని అడక్కూడదు, సంకల్పంలో గోత్రం చెప్పినట్టు చెప్పేయాలి. అసలు సంగతేమంటే, ప్రోగ్రాం అయిపోగానే మీరు టక్కున నీలి తెరకి వచ్చేస్తారు, అవుట్‌పుట్ కనపడదు. ఆల్ట్ ఎఫ్5 నొక్కితే కనపడుతుంది. ఆ ముక్క చెప్పకుండా, ఒక మీట నొక్కేదాకా ఆగమనే గెట్‌చ్‌ని ప్రతి ప్రోగ్రాంకీ తోకలా తగిలించారు. పోయినసారి అవుట్‌పుట్ తుడవడానికి క్లియర్ స్క్రీన్. ఈ రెండూ మీ ఇంటి కష్టాలు పెద్దాయనా, సి భాషవి కావు.

ఆ క్లియర్ స్క్రీన్‌ని ఫలానా చోటే పెట్టాలని ఇంకో మడి. దాన్ని పైన రాసి, కింద వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ప్రకటిస్తే 'డిక్లరేషన్ ఈజ్ నాట్ అలౌడ్ హియర్' అంటారు. పాత సి లో వేరియబుల్స్ అన్నీ బ్లాకు మొదట్లోనే చెప్పాలి, కారణం అంతే. అదే ఫైలుని డాట్ సి కాకుండా డాట్ సీపీపీ అని, అంటే సి ప్లస్ ప్లస్‌గా, సేవ్ చేస్తే నోరెత్తరు. దాంతో పిల్లలకి దొరికిన జ్ఞానం: ఎర్రర్ వస్తే ఫైలు తోక మార్చు.

ఈ మంత్రాలు బట్టీపట్టి, రికార్డులో కుడి పేజీ నిండా పెన్నుతో దిద్ది, మూడో ఏడాది ఆన్‌లైన్ కోడింగ్ టెస్టులో అవే టైపు చేస్తాడు. అక్కడ కూర్చున్నది జీసీసీ అనే ఇప్పటి కంపైలర్, అంటే కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చేది. కోనియో అనే ఫైలే లేదంటుంది. సి ప్లస్ ప్లస్ అయితే మెయిన్ కచ్చితంగా ఇంట్ (పూర్ణాంకం) ఇవ్వాలి, వాయిడ్ (ఖాళీ) కుదరదంటుంది. సి ప్లస్ ప్లస్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ కోసం పిలిచే ఐఓస్ట్రీమ్ వెనక డాట్ హెచ్ ఏందని అడుగుతుంది, 1998 ప్రమాణంలోనే ఆ తోక తీసేశారు గనక. మూడు ఎర్రర్లు చూసి పిల్లోడు 'నాకు కోడింగ్ రాదు' అని తేల్చేసుకుంటాడు.

ఇక మీ లెక్కలు. మీ ఇంట్ రెండు బైట్లది, 32767 దాటితే గిర్రున తిరిగి మైనస్‌లోకి పోతుంది. నెల్లూరు పిన్‌కోడ్ 524001ని మీ ఇంట్ వేరియబుల్‌లో పెట్టి పర్సెంట్ డీతో ప్రింట్ చేయిస్తే -287 అంటారు. కాన్‌స్టంట్ పెద్దదయిందని ఒక వార్నింగ్ గొణుగుతారు గానీ, వార్నింగులు చదివేదెవరు? ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం 7 దాకా బాగానే నడుస్తుంది, 5040 వస్తుంది. 8 ఇస్తే -25216. రికార్డు ఎడమ పేజీలో మాత్రం శుభ్రంగా 40320 అని ఉంటుంది, క్యాలిక్యులేటర్ పుణ్యమా అని. ఆ -25216 ఎట్టా వచ్చిందో వైవాలో ఒక్కరైనా అడిగుంటే మీరు బంగారం లాంటి గురువు అయ్యుండేవారు. రెండు బైట్లలో పట్టే విలువలు మొత్తం 65536, దాన్ని 40320లోంచి తీసేయమంటే సరిపోయేది.

మీ స్థానంలో కొత్త కంపైలర్ని పెడితే ఈ పీడ పోతుందా అంటే, అదీ పూర్తిగా పోదు. ఇవాళ్టి మిషన్లలో ఇంట్ నాలుగు బైట్లు, 12 ఫ్యాక్టోరియల్ దాకా లాగుతుంది. 13కి అసలు జవాబు 6227020800, తెర మీద కనిపించేది 1932053504. మైనస్ కూడా లేదు, ఎవరికీ అనుమానం రాదు. మీరే నయం, తప్పు చెప్పినా తప్పని తెలిసేట్టు చెప్పేవాళ్లు.

మరి మొదట ఏ లాంగ్వేజ్? ఈ ప్రశ్న అడిగితే మన వైపు జవాబులకి కరువు లేదు. బావ జావా అంటాడు, వాడు జావాతోనే బెంగళూరు పోయాడు. పక్కింటాయన పైతాన్ అంటాడు, పేపర్లో చదివాడు. గోడ మీది పోస్టరు నలభై ఐదు రోజుల్లో ఫుల్ స్టాక్ అంటుంది. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగ రొట్టె ఉంది గానీ, జావా రొట్టె, పైతాన్ రొట్టె అని ఇంకా విడదీయలేదు. అదొక్కటి నయం.

మా మాట మాత్రం ఇది. ఒక్క లైను కూడా రాసి ఎరగనివాళ్లకి ముందు పైతాన్. వెబ్ పేజీల మీదే మనసున్నవాళ్లకి జావాస్క్రిప్ట్, దానికి ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో రాసుకోవచ్చు. సి తప్పకుండా నేర్చుకోవాల్సిందే, రెండో సెమిస్టర్‌లో, జీసీసీతో, మెమరీ ఎట్టా ఉంటుందో చూడటానికి. ఏది మొదలుపెట్టినా మూడు నెలలు దాన్ని వదలకూడదు. వారానికో భాష మార్చేవాడికి ప్రతి భాషలోనూ హలో వరల్డ్ ఒక్కటే వస్తుంది.

మీ పీట మీద పైతాన్‌ని కూర్చోబెడుతున్నామని దాన్ని దేవుణ్ణి చేయడం లేదు. విండోస్‌లో ఎక్కించేటప్పుడు మొదటి తెర మీద పాత్‌కి కలపమనే గడిలో టిక్కు పెట్టకపోతే, తర్వాత పైతాన్ అంటే ఎవరో తెలియదంటుంది కమాండ్ ప్రాంప్ట్. ఇన్‌పుట్‌తో తీసుకున్నదేదైనా దానికి అక్షరాలే, అంకె కాదు. 5, 6 ఇచ్చి కూడమంటే 56 అంటుంది, ఇంట్‌లో చుట్టి ఇస్తేనే 11. లైను లోపలికి జరపడానికి నాలుగు స్పేసులు అనుకుంటే అవే వాడాలి, మధ్యలో ట్యాబ్ కలిపితే గొడవ. తాబేలు బొమ్మల ప్రోగ్రాంకి టర్టిల్ అనే పేరు పెట్టి సేవ్ చేశారో, పైతాన్‌తో వచ్చే అసలు టర్టిల్‌ని పిలవబోయి తన ఫైలునే పిలుచుకుంటుంది. పుస్తకంలో ప్రింట్ పక్కన బ్రాకెట్ లేకపోతే అది పైతాన్ 2 నాటి పుస్తకం, 2020 జనవరి 1తో దాని కథ ముగిసింది, పక్కన పెట్టేయండి.

ఒకటి మాత్రం మీరు కుళ్లుకోవాల్సిందే. పైతాన్ 3లో వేరియబుల్‌కి 'ధర' అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. ౫౨౪౦౦౧ అని తెలుగు అంకెలు ఇచ్చి ఇంట్ చేయమంటే బుద్ధిగా 524001 అంటుంది, మైనస్ లేకుండా. కాకపోతే 'ల్యాప్‌టాప్' అని పేరు పెడితే ఒప్పుకోదు. ఆ పొల్లు 'ప' తర్వాతి 'టా' ఒత్తుగా అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో ఒక కనపడని అక్షరం పెడుతుంది, పైతాన్ దాన్ని పట్టేస్తుంది.

లెక్కలు కూడా మన ఊరివే ఇద్దాం. నెల్లూరు వైపు ధాన్యం పుట్టి అంటే 850 కేజీలు. 1200 కేజీలని పుట్లలోకి మార్చమంటే, సి లో ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే 1 అంటుంది. రైతుకి 350 కేజీలు గల్లంతు! పైతాన్‌లో ఒక గీతతో (/) భాగిస్తే 1.41 చిల్లర, రెండు గీతలతో (//) అయితే మళ్లీ ఒకటే. రొయ్యల కౌంటు ఇంకా మంచి పాఠం. కేజీకి 30 తూగితే 30 కౌంటు, పెద్ద రొయ్య, ఎక్కువ ధర. పిల్లోడు ముందు 'కౌంటు 100 లోపయితే' అని రాసి, దాని కింద 'లేదా 50 లోపయితే', దాని కింద 'లేదా 30 లోపయితే' అని రాస్తాడు. 30 కూడా 100 లోపే కదా, మొదటి గడప దగ్గరే ఆగిపోయి 100 కౌంటు ధర కట్టేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. 30 నుంచి మొదలుపెట్టి పైకి రాస్తే సరి. సరిగ్గా 50 తూగిన సరుకు ఏ లెక్కలోకి పోవాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి, చెరువు గట్టు మీద కాదు.

ఏఐ ఉందిగా, అదే రాసిస్తుంది అనేవాళ్లూ తయారయ్యారు. రాస్తుంది. ఆ 350 కేజీలు యాడికి పోయాయో పట్టుకోవాల్సింది ఎవరో వాళ్లని అడగండి.

కాబట్టి పెద్దాయనా, సిలబస్ కాగితం మీద మీ పేరు ఇంకొన్నాళ్లు ఉన్నా ఉండనీండి. సోమవారం పొద్దున మొదటి బ్యాచ్ లోపలికి రాకముందే మిమ్మల్ని ఆల్ట్ ఎక్స్‌తో సాగనంపుతాం. సేవ్ చేయని ఫైలేదైనా ఉంటే ఎఫ్2 మేమే నొక్కుతాం, భయం వద్దు.

ఇట్లు,
మీ ల్యాబ్ వాళ్లు,
ఒంగోలు.
పిన్‌కోడ్ (మీ లెక్క ప్రకారం): -1287