అడ్డపొగ దాకా చేరని హెచ్చరిక

పొగాకు మాన్పించే ప్రచారానికి ఒక ముఖం ఉంది: సిగరెట్ పట్టుకున్న పట్నం కుర్రాడిది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దల్లో 20 శాతం మంది పొగాకు వాడుతుంటే, ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే ఒడిశాలో 45.6 శాతం మంది వాడుతున్నారు. అయితే ఒడిశా పెద్దల్లో పొగ తాగేవారు 7 శాతమే. మిగిలినదంతా నమిలేది, దవడన పెట్టేది, పళ్లకు రుద్దేది. ఆ కుర్రాడి బొమ్మ ఇక్కడ ఎవరిని హెచ్చరిస్తోంది?

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో చేపలు ఎండబెట్టే మన నోలియా (తెలుగు మాట్లాడే మత్స్యకార) ఆడవాళ్లలో పెద్ద వయసువారు చుట్ట నిప్పుకొసను నోట్లోకి తిప్పి, పెదవులు బిగించి, రెండు చేతులా పని చేసుకుంటూనే పొగ పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, పని ఆగదు. కానీ ఆ వేడికి అంగిలి తెల్లబారి, మందమై, కొందరిలో అక్కడే క్యాన్సర్ పుడుతుంది. మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్‌కూ శ్రీకాకుళం తీరంలోని ఈ అలవాటుకూ సంబంధం ఉందని వైద్యులు దశాబ్దాల కిందటే తేల్చారు. గోపాల్‌పూర్ దాపున ఒక ఆరోగ్య కేంద్రం గోడమీద నేను చూసిందీ సిగరెట్ బొమ్మే, కింద ఒడియా అక్షరాలు. దాని కిందే కూర్చున్న పెద్దావిడకు ఏ లిపీ రాదు. ఆమెకు కావలసింది పోస్టర్ కాదు, నోరు తెరిపించి చూసి, “అంగిట్లో మంటగా ఉంటోందా అమ్మా?” అని తెలుగులో అడిగే మనిషి.

అడ్డపొగ ముసలివాళ్లతోనే పోతుందని, యువత మీద, గుట్కా మీద దృష్టి పెడితే చాలని వాదించేవారున్నారు. చుట్ట తగ్గుతున్న మాట నిజమే. అయితే చుట్ట మానిన ఇంట్లోకే గుడాకు వచ్చింది. పొగాకు పొడి, బెల్లం కలిపిన ఆ ముద్దను చిన్న డబ్బాలోంచి వేలితో తీసి పొద్దున్నే రుద్దుకునే ఆడపిల్ల తాను పళ్లు తోముకుంటున్నాననే అనుకుంటుంది, ఇల్లంతా అలాగే అనుకుంటుంది. ఇక గుట్కా సంగతంటారా, 2013లోనే ఒడిశా దాన్ని నిషేధించింది. పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో కొని అరచేతిలో కలుపుకుంటున్నారు. 2019 సర్వేలో దేశం మొత్తంమీద 13-15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్టు తేలింది, అదీ బడిలో ఉన్నవారి లెక్క. బడి మాని పడవెక్కిన పిల్లవాణ్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అటు చేరినప్పటి నుంచి అక్కడి మన తెలుగువాళ్లకు భాషాహక్కు అంటే తెలుగు బడి ఒక్కటే. రాజ్యాంగం 350ఎ అధికరణం కూడా ప్రాథమిక విద్య గురించే చెబుతుంది. బడి కోసం పోరాడటం న్యాయమే, కానీ ఆసుపత్రిలో తెలుగు కావాలని అంత గట్టిగా అడగడం నేను వినలేదు. ఒంట్లో బాధ చెప్పుకోవడానికి పనికిరాని భాషను పాఠ్యపుస్తకంలో ఎన్నాళ్లు నిలబెడతాం? 30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష జాతీయ కార్యక్రమంలో ఉన్నదే. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు వాడల్లో ఆ పరీక్షను తెలుగు వచ్చిన ఆశా కార్యకర్తలతో చేయించాలి. వాళ్లు అడిగే ప్రశ్నల్లో సిగరెట్ కంటే ముందు అడ్డపొగ, గుడాకు ఉండాలి. తెలుగు సంఘాలు కలెక్టర్లకు ఇచ్చే తర్వాతి వినతిపత్రంలో బడికి పక్కనే ఈ మాట కూడా రాయాలి.