కీబోర్డ్‌లో తోడి రాగం ఎందుకు పలకట్లేదు?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం ఆరు దాటిందంటే లిఫ్ట్ ఏ ఫ్లోర్‌లో ఆగినా ఏదో ఒక ఇంట్లోంచి కీబోర్డ్ వినిపిస్తుంది. మా పాప కూడా రెండేళ్లుగా నేర్చుకుంటోంది, మోహనం, హంసధ్వని బాగానే వాయిస్తుంది, మొన్న తోడి మొదలుపెట్టారు, స్వరాలన్నీ కరెక్టే గానీ తోడి మాత్రం ఎక్కడా లేదు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ కాసేపు విని "ఇదేం తోడే, టైపు కొడుతున్నట్టుంది" అనేసింది.

తప్పు పాపది కాదు. తోడిలో గాంధారం ఒకచోట కుదురుగా నిలబడదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉంటుంది, ఆ ఊపు తీసేస్తే ఇంక మిగిలేదేం లేదు. కీబోర్డ్‌లో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతి కూడా ఆ మెట్లని చూసి కట్టిందే, స్వరమంటే దానికి 0 నుంచి 127 లోపు ఒక నంబరు, అంతే. స్వరాన్ని వంచడానికి కీబోర్డ్ పక్కన పిచ్ బెండ్ వీల్ అని ఒక చక్రం పెట్టారు గానీ అది ఆ ఛానల్‌లో మోగేవాటన్నిటినీ కలిపి వంచుతుంది. ఒక్కో స్వరాన్ని విడిగా వంచే ఎంపీఈ అనే పద్ధతి స్టాండర్డ్ అవడానికి 2018 దాకా పట్టింది. మన సంగీతంలో ఒకసారికి ఒక్క స్వరమే కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లు ఆ వీల్‌తోనే గమకాలు, అంటే స్వరాన్ని ఊపే ఆ ఊపులు, లాగేస్తున్నారు, కాదనను, కానీ క్లాస్‌వాళ్లే చెప్పి మాచేత కొనిపించిన మోడల్‌కి అసలా వీలే లేదు!

ఎలక్ట్రానిక్ అంటే మన సంగీతానికి పడదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. హార్మోనియంలో కరెంటే లేదు, అయినా గమకం పలకదనే వాదనతో 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టేసింది. అటుపక్క మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని గమకాలు పలికించాడు. అంటే సమస్య కరెంటుది కాదు, స్వరం వంగుతుందా లేదా అన్నదే.

పాటకి వెనక తంబూరాలా శ్రుతి పట్టే శ్రుతి బాక్స్ సంగతి చూడండి. విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో ఇంజనీరుగా చేసిన వేణువు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ 1970ల చివర్లో ఈ బెంగళూరులోనే ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. దానికి గమకంతో పనే లేదు, పా సా సా సా అని తిరుగుతూ ఉండాలి, పాడేవాళ్ల శ్రుతికి సన్నగా సర్దుకోవాలి. అవసరం ఏంటో తెలిసినవాడు చేశాడు కాబట్టి ఇల్లిల్లూ చేరింది. అసలు తంబూరాలో తీగ కింద నూలుపోగు జరిపితే వచ్చే ఆ ఝుమ్మనే నాదం మాత్రం నాకు ఇందులో వినపడదు, వెనక కూర్చుని తంబూరా మీటే శిష్యులు కూడా తగ్గిపోయారు, ఆ బెంగ నాకు ఉంది. ఇప్పుడా బాక్స్ కూడా ఫోన్ యాప్ అయిపోయింది, మొన్న చామరాజపేటలో ఒక కచేరీలో ఆలాపన మధ్యలో ఆ ఫోన్‌కే కాల్ వచ్చింది, పాపం గాయని నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంట్లో ప్రస్తుతానికి అమ్మ ఒక దారి కనిపెట్టింది. కీబోర్డ్‌లో ఆర్గన్ టోన్ పెట్టి సా, పా రెండు మెట్లూ తనే నొక్కి పట్టుకుంటోంది, పాప పక్కన కూర్చుని తోడి నోటితో పాడుతోంది.