ఆరు నెలల గడువు గారికి, ఒక బాలింత నమస్కారాలు

అయ్యా గడువు గారూ,

నిన్న మీ దర్శనభాగ్యం కలిగింది. చంకలో పాప, చేతిలో ఖాళీ సంచి, వెనకాల మా అమ్మ. బాలింతలకిచ్చే సరుకుల కోసం అంగన్‌వాడీ గుమ్మంలో గంటన్నర నిలబడ్డాం. సిగ్నల్ కోసం టీచరమ్మ ఫోన్ పట్టుకుని వేపచెట్టు కిందకి ఓసారి, బోరింగు దగ్గరకి ఓసారి తిరిగింది. ముఖం ఫొటో తీస్తారు, కళ్లు ఆర్పమంటారు కదా అని నేను జుట్టు సర్దుకుని సిద్ధంగా ఉన్నాను. తీరా యాప్ తెరుచుకున్నాక చూస్తే నా పేరు లేదు. కాన్పయి మొన్నటితో ఆరు నెలలు నిండాయట.

మా అమ్మ ఊరుకుంటుందా? "గుంట పాలు మానీసిందేటి, టీచరమ్మా?" అంది. పాపం ఆవిడేం చెప్తుంది, తల దించుకుంది.

పోయిన వారమే అన్నప్రాసన చేశాం. పుస్తకం, డబ్బు, కత్తి అన్నీ వదిలేసి పాప పాయసం గిన్నెకి చెయ్యి చాచింది. దాని నోట్లో మొదటి ముద్ద పడిందో లేదో, నా కంచంలో ముద్ద మీరు తీసేశారు.

మీరు 2013 ఆహార భద్రత చట్టంలో పుట్టారని తెలుసు. గర్భంతో ఉన్నన్నాళ్లూ, కాన్పయ్యాక ఆరు నెలలూ అని రాసుకున్నారు. మంచిదే, కాదనను. నెలకి 25 గుడ్లిచ్చి, మిగతా రోజులు మా కడుపుకి సెలవిచ్చినా సర్దుకున్నాను. కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క చూశారా? పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కిలోకేలరీలు అదనంగా కావాలి. తర్వాతి ఆరు నెలలు 520. తగ్గేది 80. మీరు తగ్గించింది మొత్తం! ఇదేం తీసివేత లెక్కండీ? ఒకటో తరగతిలో ఇలా చేస్తే మా మాస్టారు తొడపాశం పెట్టేవారు.

పాపకి అంగన్‌వాడీలో బాలామృతం పిండి వస్తోంది కదా అంటారేమో. అది తినేది పాప. పాలిచ్చేది నేను. బాలింత ఒళ్లేమన్నా ప్రీపెయిడ్ సిమ్మా, వ్యాలిడిటీ అయిపోగానే ఆగిపోవడానికి? పాలు పడతాయని సొరచేపతో సొరపుట్టు వండి పెడదామని మా అమ్మ సంతకెళ్లి, ధర అడిగి, వెల్లుల్లిపాయలు కొనుక్కుని వచ్చింది.

ఇంకో ఆరు నెలలు పక్కకి జరగండి చాలు.

ఇక ఉంటాను. గుంట లేచింది, పాలకి ఏడుస్తోంది. మీ తారీఖు సంగతి దానికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇట్లు,
జాబితాలో లేని తల్లి,
శ్రీకాకుళం జిల్లా